మూడో కాలి మీద నిలవని విభూతి

పోయిన నెల ఒక ఉదయం సరోజ తన పాత కారు తోలుకొని మా ఇంటికి వచ్చింది. సరోజ మా మేనత్త కూతురు. బ్యాంకులో పనిచేసి రిటైరయింది, మనవళ్లున్నారు, అయినా కారు మాత్రం తనే తోలుతుంది. వీధిలో ఇంజను ఆపకుండానే దిగి, గడపలో నిలబడి, "బావా, కొంచెం వచ్చి ఈ బండి విను. టిక్కు టిక్కుమంటా ఉండాది. మా అమ్మ వ్యానులో సత్తాన్ని చెవితో పట్టినోడివి కదా నువ్వు," అంది. సత్తం అంటే మా వైపు చప్పుడు. అట్లా పిలిస్తే కూర్చోగలిగే మనిషిని కాను. చొక్కా తొడుక్కొని, చెవి మిషను సరిచేసుకొని బయటికి వెళ్లాను. బానెట్ ఎత్తి, వంగి, కళ్లు మూసుకొని, సంగీతం తెలిసినవాడిలా నెమ్మదిగా తల ఊపాను. నాకు వినిపించింది చెవి మిషను గరగర ఒక్కటే. అయినా నడుము నిటారు చేసి, గంభీరంగా "వాల్వు" అన్నాను. సరోజ వెంటనే "ఏ వాల్వు బావా?" అంది. ఇన్నేళ్లలో నన్ను ఆ రెండో ప్రశ్న అడిగిన మనిషి లేదు.

ఇంజను ఆపి లోపలికి రమ్మన్నాను, కాఫీ తాగుదామని. ఆ కాఫీ ముందు కూర్చొని ఆమెకు చెప్పిందే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆమె కారు సంగతి ముందే చెప్పేస్తాను, దాని కోసం మీరు చివరిదాకా ఎదురుచూడకుండా. మరునాడు షెడ్డులో దానికొక వైరు తగిలిస్తే తెర మీద జబ్బు పేరు పడిందట. మధ్యాహ్నానికల్లా బాగైపోయిందట. వాల్వు కాదు.

మా బంధువుల్లో ఎవరి పెళ్లి జరిగినా, ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చునే మధ్యలో కొంచెం ఖాళీ దొరికితే చాలు, నేను ఈ కథ చెప్పేవాణ్ణి. నా కథలో వ్యాను సత్రపట్టి రోడ్డు నడిమధ్యలో ఆగిపోతుంది. మగ్గాల యజమానులు చుట్టూ గుంపు కడతారు. తమిళనాడులోని మా రాజపాళయంలో పేరున్న మెకానిక్కులంతా చేతులెత్తేసి నిలబడతారు. అప్పుడు నేను మా అమ్మ వంటింట్లోని కొయ్య తెడ్డు తెచ్చి, ఒక కొన ఇంజనుకూ ఇంకో కొన చెవికీ ఆనించి, ఊపిరి బిగబట్టి విని, "మూడో కాలు. ప్యాకింగ్ పోయింది" అని తేల్చేస్తాను. సాక్ష్యానికి కుడిచెవి తమ్మె మీద మచ్చ కూడా చూపించేవాణ్ణి, అది ఇంజను కాల్చిన మచ్చ అని. ఆ మచ్చ మా పక్కింటి తెల్లకుక్క, పిల్లగా ఉన్నప్పుడు నాతో ఆడుతూ కొరికింది. వ్యాను రోడ్డు మధ్యలో ఆగనూ లేదు, యజమానులు గుంపు కట్టనూ లేదు. తెడ్డు మాత్రం నిజం. దాని సంగతి వస్తుంది.

మా ఇల్లు మిల్లు సంగుతో లేచి మిల్లు సంగుతో పడుకొనే ఇల్లు. సంగు అంటే సైరన్. ఊరంతా దాన్ని సంగు అనే అంటుంది. మా నాయిన స్పిన్నింగు మిల్లులో పని. తెల్లవారుజామున మొదటి సంగు ఊదేసరికి మా అవ్వ, అంటే నాయిన తల్లి, అప్పటికే లేచి పొయ్యి దగ్గర ఉండేది. ముందురోజు బూడిద తీసి, జల్లించి, మెత్తటి బూడిద గిన్నెలు తోమడానికి డబ్బాలో పోసేది. పొయ్యి అలికి, పిండితో రెండు గీతలు వేసేది. ఇదంతా చేస్తూ పొయ్యితో మాట్లాడేది. నిన్న ఎందుకు పొగపెట్టావని అడిగేది, కట్టెలు తడిసి ఉన్నాయని తనే సర్ది చెప్పేది. శుక్రవారం అయితే పొయ్యికి ప్రత్యేక మర్యాద. నుదురు ఉన్న మనిషికి పెట్టినట్టు దానికి తడి విభూతి పెట్టి, వండిన అన్నంలో మొదటి మెతుకులు నిప్పులో వేసి, ఆ తరువాతే ఎవరికైనా వడ్డించేది. ఆ వంటింటి వాసన ఇప్పటికీ నాకు ముక్కులోనే ఉంది: తడి పేడ, కట్టె పొగ, నువ్వుల నూనె, నాయిన చొక్కాకు అంటుకొని వచ్చిన పచ్చి దూది వాసన. మా కోడలు ఇప్పుడు వంటగ్యాసు పొయ్యిని గుడ్డతో తుడిచి మెరిపిస్తుంది. శుభ్రంగానే ఉంటుంది. దానితో ఎవరూ మాట్లాడరు, అంతే.

జానకత్త మా నాయిన చెల్లెలు. ఆమె భర్తకు ఒక డీజిల్ వ్యాను ఉండేది. సత్రపట్టి మగ్గాల్లో నేసిన కట్టుగుడ్డ, ఆస్పత్రుల్లో గాయాలకు కట్టే పలచటి బ్యాండేజీ బట్ట, మూటలు మూటలుగా రాజపాళయం లారీ ఆఫీసుకు చేరవేసే వ్యాను అది. ఒక వానకాలం ఆయనకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. అత్తకు మిగిలింది చిన్నపిల్ల సరోజ, ఒక అద్దె ఇల్లు, ఈ వ్యాను. కర్మలన్నీ అయ్యాక నాయిన వెళ్లి, పెరటి వైపు గదికి సున్నం కొట్టించానని, వచ్చేయమని పిలిచాడు. అత్త అన్నను ఎదిరించి మాట్లాడే మనిషి కాదు. "సున్నం కొట్టించినావు, మంచిదే అన్నా. ఈ ఏడు మామిడికాయలు ఆ గదిలో మాగేసుకోండి," అని మాత్రం అంది.

ఆ గది గురించి అత్తకు తెలుసు, నాకూ తెలుసు. అవ్వ చెల్లెలు భర్త పోయాక అక్కడే ఉండేది. రెండో గ్లాసు మజ్జిగ కావాలంటే ఆమె మా అమ్మ ముఖం, అవ్వ ముఖం, ఒకటి తరువాత ఒకటి చూసి అడిగేది. ఎవరూ కాదనలేదు. అయినా అడిగేది. అత్త ఆ చూపు చూస్తూ పెరిగింది. తన పొయ్యి తను వెలిగించుకొని, తన కూతురికి తను వడ్డించుకొనే ఇల్లు ఆ వ్యాను ఉన్నంతకాలమే ఉంటుందని ఆమెకు తెలుసు. వ్యాను పోతే పెరటి గదే.

మొదట ఒక డ్రైవరును పెట్టుకొంది. అతను తళవాయిపురంలో పెళ్లి చేసుకొని అక్కడే ఉండిపోయాడు. అప్పుడు నన్ను పిలిచింది. నేను అప్పటికి కాలేజీ పరీక్ష తప్పి, మీసం పెంచుతూ, ఊరి కాఫీ కొట్లన్నిటికీ రోజూ హాజరు వేస్తూ ఉండేవాణ్ణి. నాయిన నాతో నేరుగా మాట్లాడడం మానేశాడు. నాకు చెప్పాల్సింది మా అమ్మకు చెప్పేవాడు, నేను ఎదురుగా కూర్చొని ఉన్నా సరే. ఆ రోజుల్లో ఆ వ్యాను నా చేతిలో గుర్రంలా ఆడేదని రాయాలని ఉంది. నిజానికి సత్రపట్టి మగ్గాల సందుల్లో బండి వెనక్కి తీయడం నాకు చాలాకాలం రాలేదు. అత్త వెనక నిలబడి రేకు మీద అరచేత్తో కొట్టేది. ఒక దెబ్బ అంటే రా, రెండు అంటే ఆగు. మగ్గాల చప్పుడులో కేక వినబడదు, రేకు మీద దెబ్బ మాత్రం సీటులోంచి నడుముకు తెలుస్తుంది. అట్లా నడుముతో నేర్చుకున్నాను డ్రైవింగు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరి కనుబొమ్మల మీదా తెల్లటి దూది నూగు ఉండేది. పడమటి కొండల మీద మబ్బు దిగి ఉంటే, మూటలు తడవకుండా ఇల్లు చేరాలని అత్త ముందుకు వంగి కూర్చునేది, తను వంగితే బండి వేగంగా పోతుందన్నట్టు.

ఆ కాలపు వ్యాన్లలో ఇంజను ముందు ముక్కులో ఉండేది కాదు. డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్యన, ఒక పెట్టె మూత కింద ఉండేది. శుక్రవారం ఉదయం అవ్వను గుడికి తీసుకెళ్లడం నా పని. అవ్వ బండి ఎక్కే ముందు మూత ఎత్తమనేది. అందరూ బండికి ముందు అద్దం మీద విభూతి పెడతారు, దండ వేస్తారు. అవ్వకు అది నచ్చలేదు. వేడి ఉన్నచోటే దేవుడు ఉంటాడని ఆమె లెక్క. తన కూతురు ఈ ఇంజను వల్ల తింటోంది కాబట్టి ఇది కూడా పొయ్యే. ఇంజను పక్కన, పొగ బయటికి పోయే లావుపాటి ఇనప గొట్టం ఒకటి ఉంటుంది. దానికి నాలుగు కాళ్లు, నాలుగూ ఇంజను ఒంటికి ఆనించి నట్లతో బిగించి ఉంటాయి. ఆ నాలుగు కాళ్లూ ఆనే చోట అవ్వ నాలుగు తడి విభూతి బొట్లు పెట్టేది. ఇంజను వేడెక్కగానే అవి ఆరి, నల్లటి ఇనుము మీద తెల్లగా అతుక్కుపోయేవి. వచ్చే శుక్రవారం దాకా అట్లాగే ఉండేవి.

ఆ ఏడాది మొదటి వానలకు ముందు సత్తం మొదలైంది. పొద్దున బండి స్టార్టు చేయగానే టిక్కు టిక్కుమని, గోడ మీద బల్లి పలికినట్టు. వేగం పెంచితే తొందరగా, తగ్గిస్తే నెమ్మదిగా. సత్రపట్టి చేరేసరికి తగ్గిపోయేది. మరునాడు పొద్దున మళ్లీ మొదలు. మొదటిసారి అవ్వ బండిలో ఉండగా విని, బల్లి పలికితే నేల మీద కొట్టినట్టు వేలి కణుపుతో మూత మీద టకటకా కొట్టి "కృష్ణ కృష్ణ" అనుకొంది. అది ఆగక పలుకుతూనే ఉంటే కృష్ణుణ్ణి కూడా ఆపకుండా పిలిచింది. గుడి చేరేసరికి ఆమె వేలి కణుపు కందిపోయింది. తలనొప్పి కూడా వచ్చిందని ఆరోజు అన్నం తినలేదు.

ఇక తెడ్డు. ఇంజను లోపలి సత్తం వినాలంటే కర్ర ఆనించి వినాలని ఎవరో చెప్పగా విన్నాను. అమ్మ చూడకుండా కొయ్య తెడ్డు తీసుకెళ్లి వ్యానులో అన్నిచోట్లా ఆనించాను. ఎక్కడ ఆనించినా టిక్కు టిక్కే. ఇనుములో సత్తం నీళ్లలో చక్కెరలా అంతటా కలిసిపోతుందని నాకప్పుడు తెలియదు. మొదటిరోజు చక్రం అన్నాను. బండి నిలబెట్టి ఉన్నా కూడా సత్తం వస్తోందని అత్త గుర్తుచేసింది. రెండోరోజు డీజిల్ పంపు అన్నాను. మూడోరోజు, చాలా ఆలోచించి, వాల్వు అన్నాను. చూశారు కదా, వాల్వు నాకు అప్పటినుంచీ అలవాటు. తెడ్డుకు డీజిల్ వాసన పట్టి, వారమంతా మా ఇంట్లో పప్పు లారీ ఆఫీసులా వాసన కొట్టింది. నాయిన మా అమ్మతో, "కాలేజీ పప్పు ఉడకలేదు, ఇదైనా ఉడకనీయమను వాణ్ణి," అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

చివరికి బండిని పట్టరైకి, మా వైపు వర్క్‌షాపును అట్లాగే అంటారు, తీసుకెళ్లాం. అక్కడి మేస్త్రీ మంచి పనివాడు, అబద్ధం ఆడే మనిషి కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని విన్నాడు. ముఖం దించుకొన్నాడు. లోపల బేరింగు అరిగినట్టుందని, ఇంజను కిందికి దించి విప్పితే తప్ప చెప్పలేనని, ఈ వయసు ఇంజనును విప్పితే ఒకటి పోయి పది బయటపడతాయని అన్నాడు. అత్త ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. వానలు వెళ్లేదాకా పడుతుందన్నాడు. అన్నాళ్లు బండి రాకపోతే సత్రపట్టి వాళ్లు మూటలు వేరే బండికి ఇచ్చేస్తారు, ఒకసారి ఇచ్చాక మళ్లీ రావు. విప్పడానికి కావలసింది అత్త దగ్గర ఎట్లాగూ లేదు. ఇంటికి వచ్చేదారిలో ఆమె వెనక్కి ఆని కూర్చుంది. ఆమె బండిలో వెనక్కి ఆని కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

ఆ శుక్రవారం అవ్వ మూత ఎత్తించి, విభూతి గిన్నెతో వంగి, చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. పోయిన వారం పెట్టిన బొట్లలో మూడు తెల్లగా ఉన్నాయి. మూడో కాలి మీది బొట్టు లేదు. ఆ చోట మసి. అవ్వ చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. సాయంత్రం వచ్చి చూస్తే మళ్లీ మసే. ఆమె వారం ఆగలేదు. మరునాడూ పెట్టింది, ఆ మరునాడూ పెట్టింది. మిగతా మూడూ నిలిచేవి. మూడోది నిలవదు. అవ్వ నేరుగా ఇంట్లోకి వెళ్లి, భోజనానికి కూర్చున్న నాయినతో చెప్పింది. అత్త కూడా ఆరోజు సరోజను తీసుకొని వచ్చి ఉంది.

"దేవుడి విభూతిని తోసేస్తా ఉండాది ఆ బండి. మగోడు పోయినాక కూడా తిప్పినాం కదా, దానికి ఇష్టంలేదు. దానికి ఇష్టంలేదని నోరు తెరిచి చెప్తా ఉండాది, టిక్కు టిక్కుమని. అమ్మేసి ఇంటికొచ్చేమను."

నాయిన అన్నం కలుపుతూ ఆగాడు. అత్త తల వంచుకొని సరోజ విస్తట్లో చింతపులుసు పోస్తోంది. అవ్వ గొంతు ఒక్కసారిగా తగ్గింది. "ఎన్నాళ్లని ఒంటిగా తింటాది అది, ఆ అద్దె ఇంట్లో," అంది. ఆ మాట బండి గురించి కాదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అత్తకు మాత్రం అప్పుడే అర్థమైందనుకుంటాను. ఆమె తలెత్తి తల్లిని చూసింది, కోపంగా కాదు. ఆ తరువాత చెయ్యి కడుక్కొని నా దగ్గరికి వచ్చి, "అళగా, మీ అవ్వ ఎక్కడ పెట్టినా నిలిచే విభూతి ఆ ఒక్కచోట ఏమిటికి నిలువదు? చూద్దాం పద," అంది.

పెళ్లిళ్లలో నేను ఈ భాగం ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె వీధిలోకి వచ్చి మూత ఎత్తించి, ఆ మసి మీద వేలితో రాసి చూసింది. వేలు నల్లగా అయింది. వాసన చూసింది. పొయ్యి పక్క పగులు ఇచ్చినా ఇట్లాగే ఉంటుందని చెప్పింది. పొయ్యి ఒంటికి ఎక్కడైనా సన్నటి పగులు ఉంటే అక్కడ ఎన్నిసార్లు అలికినా, ఎన్ని గీతలు వేసినా నిలవవట. లోపలి పొగ ఆ సందులోంచి ఊదుతూ ఉంటుందట, ఆ చోటు మాత్రమే నల్లబడుతుందట. "దేవుడు తోసేదేమి ఉండాది, సుమ్మ, ఊరికే గాలి తోస్తా ఉండాది," అంది. నేను అప్పటికీ వాల్వు అనే అన్నాను.

మరునాడు తెల్లవారి, మొదటి సంగు ఊదాక, అత్త తన ఇంటి పొయ్యిలోంచి జల్లించిన బూడిద చిన్న గిన్నెలో పట్టుకొని వచ్చింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే సత్తం ఎక్కువ కాబట్టి, అది వేడెక్కకముందే చూడాలంది. నేను స్టార్టు చేశాను. టిక్కు టిక్కు మొదలైంది. అత్త బూడిద చిటికెడు తీసి మొదటి కాలి మీద జల్లింది. బూడిద కూర్చుంది. రెండో కాలి మీద జల్లింది. కూర్చుంది. మూడో కాలి మీద జల్లితే అది కూర్చోలేదు. ఒక్కో టిక్కుకు ఒక్కోసారి, ఎవరో లోపలినుంచి ఊదుగొట్టంతో ఊదినట్టు, బూడిద ఎగిరి ఎగిరి పడింది. నేను యాక్సిలరేటరు తొక్కి వేగం పెంచాను. టిక్కులు తొందరయ్యాయి, బూడిద కూడా తొందరగా ఎగిరింది. నేను ఇంజను ఆపాను. బూడిద కూర్చుంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాం. అత్త నవ్వలేదు. నాలుగో కాలి మీద కూడా జల్లి, మళ్లీ స్టార్టు చేయించి, అది కూర్చుందని చూసుకొన్నాకే నవ్వింది.

అంతే సంగతి. గొట్టం కాలుకూ ఇంజనుకూ మధ్య పలచటి అట్టలాంటిది ఒకటి పెడతారు, దాన్నే ప్యాకింగ్ అంటారు. మూడో కాలి దగ్గర నట్టు వదులై, ఆ ప్యాకింగ్ కాలి తెగింది. లోపలి పొగ ఆ సందులోంచి టిక్కుమని కొడుతోంది. ఇనుము వేడెక్కి ఉబ్బితే సందు మూసుకొని సత్తం తగ్గేది. అవ్వకు తలనొప్పి వచ్చింది కూడా ఆ పొగ వల్లే. బేరింగుకు ఏమీ కాలేదు. ఇంజను దించే పనే లేదు.

పట్టరైకి వెళ్లాక, నేను నోరు తెరవకముందే అత్త మేస్త్రీతో, "మా అన్న కొడుకు చెవి పెట్టి విన్నాడు. మూడో కాలు ప్యాకింగ్ అంటా ఉండాడు, అది మాత్రం విప్పి చూడు," అంది. మేస్త్రీ నా వైపు, నా మీసం వైపు చూసి, నట్లు విప్పాడు. ప్యాకింగ్ అక్కడే తెగి ఉంది. అతను నా భుజం తట్టాడు. అప్పటిదాకా ఎవరూ దేనికీ తట్టని భుజం అది. తిరిగి వచ్చేటప్పుడు బండి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మూటలు ఒకదానికొకటి రాసుకొనే సత్తం వినిపించింది. అట్లా ఎందుకు చెప్పావని అత్తను అడిగాను.

"నేను బూడిద జల్లి కనిపెట్టినానంటే వాడు నవ్వి, సరేలే అమ్మా అని ఇంజను దించేవాడు. నువ్వు చెప్పినావంటే విప్పినాడు. నాకు కావలసింది ప్యాకింగే, పేరు కాదు." కొంచెం దూరం పోయాక, బయటికి చూస్తూ ఇంకో మాట అంది. "నీకు అది కావాల కదరా."

ఆ మాట నేను యాభై ఏళ్లు వాడుకొన్నాను. ఆ పేరు మీదే మిల్లు వాళ్లు తరువాత నన్ను తమ బండ్లు చూసుకొనే పనికి తీసుకొన్నారు. ఆ పనిలోకి వెళ్లాక నిజంగానే కొంత నేర్చుకొన్నాను, నేర్చుకోక తప్పలేదు, పేరు నాకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంది కాబట్టి. ఆ జీతంతో ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను. ఇప్పుడు బండి జబ్బు తెర చెప్పేస్తుంది, తప్పు చెప్పదు, ఎవరి మీసమూ చూడదు. అది మంచిదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఒక తెర తను కనిపెట్టినదాన్ని పక్కన నిలబడ్డ పనికిమాలినవాడి పేరున చెప్పదు. ఆ పని చేసే మనిషి మా ఇంట్లో ఉండేది. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.

బండి బాగైందని తెలిసిన శుక్రవారం అవ్వ గుడికి రాలేదు. ఒంట్లో బాగాలేదంది. ఆ తరువాతి వారం కూడా రాలేదు. ఆ మధ్యలో వానలు మొదలయ్యాయి, మూటల మీద టార్పాలిన్ కట్టి విప్పడంతోనే మా రోజులు గడిచాయి. ఒక సాయంత్రం తడిసి అత్త ఇంటికి చేరేసరికి, గడప పక్కన అవ్వ ఇత్తడి చెంబు ఉంది. లోపల అవ్వ పొయ్యి ముందు కూర్చొని, తడి కట్టె ఎందుకు తెచ్చావని దాన్ని తిడుతోంది, అంటే పొయ్యిని. పక్కన బట్టల మూట. సరోజ ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

మా వాళ్లలో తల్లి కూతురింట్లో ఉండదు. ఒక పూట తినడానికే సంకోచిస్తారు. కొడుకు ఉండగా కూతురి ఇంట తిందంటే కొడుక్కు తలవంపు. అత్త తడి చీరతో గడపలోనే నిలబడిపోయింది. ఇల్లు ఖాళీ చేసి తను అన్న ఇంటికి వెళ్లడం కాదు, అవ్వే తన ఇంటికి వచ్చింది. అత్త చీర మార్చుకొని వచ్చి విస్తళ్లు వేసింది. అవ్వ మొదటి మెతుకులు నిప్పులో వేసి, లేచి, కూతురు వేసిన విస్తరి ముందు కూర్చుంది.

అంతలో నాయిన గొడుగు పట్టుకొని వెతుక్కుంటూ వచ్చాడు. వీధి అంతా ఏమనుకుంటుందని, తను చచ్చాననుకొన్నావా అని తల్లిని అడిగాడు. అవ్వ అన్నం కలుపుకొంటూ, తల ఎత్తకుండా, చాలా నెమ్మదిగా చెప్పింది.

"కూతురు సొమ్ము ఎవరు తింటా ఉండారురా. ఇది బండి సంపాదించిన కూడు. బండి తోలేది ఎవరు, నీ కొడుకు. నా మనవడు సంపాదించింది నేను తింటే నీకేమి నొప్పి?"

ఆ బండికి సంపాదన తెచ్చింది ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. అత్త నవ్వు కనబడకుండా పులుసు గిన్నె వైపు తిరిగింది. నాయిన గొడుగు మూసి గోడకు ఆనించాడు. నేను కాలేజీ పరీక్ష తప్పినప్పటినుంచీ మొదటిసారి, మధ్యలో ఎవరికీ చెప్పకుండా, నా ముఖం చూసి నాతోనే అన్నాడు.

"జరుగు. నాకూ ఒక ఆకు వేయమను."

నేను జరిగాను.